పెద్ద టైర్లకు లిఫ్ట్ ఎంత: 4 అంగుళాల మాట విని 2 దగ్గర ఆగాను

నా బండికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కాయిల్ స్ప్రింగుల మీద సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు). కంపెనీ నుంచి 265/65 ఆర్17 టైర్లతో వచ్చింది. రాళ్ల దారుల్లో తిప్పడం మొదలుపెట్టాక నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వెనక డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి పెట్టె. చక్రాల జాడల మధ్య రాయి కాస్త పెద్దదైతే చాలు, అది వెళ్లి ఆ రాయికే తగిలేది. ఆ తర్వాతి సమస్య గట్లు దాటేటప్పుడు బండి పొట్ట ఆనడం. ఈ రెండిటికీ మందు పెద్ద టైర్లేనని 285/70 ఆర్17 వేద్దామనుకున్నాను. అక్కడ మొదలైంది టెన్షన్: మరి లిఫ్ట్, అంటే చక్రాల మీద బండిని పైకి లేపే ఎత్తు, ఎంత పెట్టాలి?

అడిగిన ప్రతివాళ్లూ ఒక అంకె చెప్పారు. ఒకరు 2 అంగుళాలు చాలన్నారు. ఇంకొకరు 3 లేకపోతే మడ్‌గార్డ్‌కి రుద్దుకుంటుందన్నారు. 4 అంగుళాల కిట్ వేయించుకున్న మిత్రుడైతే "వేసేదేదో ఒకేసారి వేసెయ్‌రా, మళ్లీ మళ్లీ విప్పించుకుంటావా" అన్నాడు. అంతే ఎందుకని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా కొలత లేదు. "నాకు సరిపోయింది" అనేదే జవాబు. వాళ్లకి సరిపోవడంలో వాళ్ల రిమ్ము, వాళ్ల బంపర్ బరువు, వాళ్లు తిరిగే దారి అన్నీ కలిసి ఉంటాయి. అందుకని టేపు పట్టుకుని నా బండినే కొలవడం మొదలుపెట్టాను.

ముందు టైరు లెక్క చూసుకున్నాను. 265/65 ఆర్17లో వెడల్పు 265 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, అంటే 172 మి.మీ. రిమ్ము 17 అంగుళాలు, అంటే 432 మి.మీ. పైనా కిందా సైడ్‌వాల్‌లు కలిపితే మొత్తం వ్యాసం 776 మి.మీ., అంగుళాల్లో 30.6. అదే లెక్కన 285/70 ఆర్17 వ్యాసం 831 మి.మీ., అంగుళాల్లో 32.7. తేడా 55 మి.మీ. అందులో బండిని పైకి లేపేది సగమే, సుమారు 27 మి.మీ. మిగతా సగం హబ్బుకి పైన పెరిగి మడ్‌గార్డ్ లోపలి ఖాళీని తినేస్తుంది. ముందుకీ వెనక్కీ కూడా అంతే పెరుగుతుంది. అసలు తలనొప్పి అక్కడే అని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

డిఫరెన్షియల్ కింద కొత్తగా దొరికేది కూడా ఆ 27 మి.మీ. మాత్రమే. స్ప్రింగులు ఎంత ఎత్తువి వేసినా వెనక డిఫరెన్షియల్ వెంట్రుకంత కూడా లేవదు. అది ఇరుసులో భాగం, చక్రాలతోనే ఉంటుంది. లిఫ్ట్ లేపేది ఛాసీని, ఆయిల్ ట్యాంకుని, బంపర్లని, తలుపుల కింది అంచుల్ని. కాబట్టి డిఫరెన్షియల్ సంగతి టైరు చూసుకోవాలి, పొట్ట సంగతి లిఫ్ట్ చూసుకోవాలి. ఈ రెంటినీ విడదీసి చూడగానే 4 అంగుళాల మీద మోజు సగం తగ్గింది. నా బండికి పొట్ట ఆనుతున్న చోట్ల ఇంకో 60, 70 మి.మీ. ఉంటే దాటేస్తుందని అప్పటికే అనుభవం. టైరు 27 ఇస్తే, లిఫ్ట్ 40 నుంచి 50 ఇస్తే చాలు.

బండి ఎత్తుని హబ్బు మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచాను. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి, నేల వాలు అన్నీ కలిసిపోతాయి. హబ్బు నుంచి కొలిస్తే సస్పెన్షన్ ఎంత దిగింది, ఎంత లేచింది అనేది ఒక్కటే తెలుస్తుంది. ముందు 505 మి.మీ., వెనక 530 మి.మీ. వచ్చింది. వెనక ఎత్తుగా ఉండటం సహజం, సామానూ మనుషులూ ఎక్కాక దిగడానికి కంపెనీ వాళ్లు అలా వదులుతారు. దాన్ని పూర్తిగా సమం చేసేస్తే ఖాళీ బండి చూడ్డానికి బాగుంటుంది. సామాను వేశాక మాత్రం ముక్కు పైకెత్తుకుని, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతూ తిరుగుతుంది.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని విషయం. టైరు మడ్‌గార్డ్‌కి తగిలేది బండి నిలబడి ఉన్నప్పుడు కాదు. చక్రం పూర్తిగా పైకి వచ్చి బంప్‌స్టాప్ (చక్రాన్ని ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) నొక్కుకుపోయినప్పుడు తగులుతుంది. స్ప్రింగు మార్చినా, స్పేసర్ పెట్టినా ఆ బంప్‌స్టాప్ ఉన్నచోటే ఉంటుంది. చక్రం పైకి రాగలిగే చివరి స్థానం 2 అంగుళాల లిఫ్ట్‌లోనూ అదే, 4 అంగుళాల స్ప్రింగు లిఫ్ట్‌లోనూ అదే. కప్పు ఎత్తు మార్చకుండా నేలని మాత్రం కిందికి దించుకున్నట్టు. ఎత్తయిన స్ప్రింగు వేస్తే చక్రం అక్కడిదాకా చేరడం అరుదవుతుంది, ఆ మేరకు రుద్దుకోవడం తగ్గుతుంది. కానీ ఒక చక్రం గుంతలో, ఇంకో చక్రం బండరాయి మీద ఉన్నప్పుడు పైకి వెళ్లిన చక్రం ఎలాగూ అక్కడికి వెళ్లి తీరుతుంది. మనం ఆఫ్‌రోడ్‌కి వెళ్లేదే అలాంటి చోట్లకి.

అంటే "టైరు పట్టడానికి లిఫ్ట్ ఎంత" అన్న ప్రశ్నే కాస్త తేడాగా ఉంది. పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు టైరుకి చోటు ఉందా అన్నది మొదట తేలాలి. చోటు లేకపోతే మడ్‌గార్డ్ లోపల కోయాలి, లేదా బంప్‌స్టాప్ పొడవు పెంచాలి, లేదా రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య నుంచి హబ్బుకి బిగిసే ముఖం దాకా దూరం, ఇది తగ్గితే చక్రం బయటికి వస్తుంది) మార్చాలి. లిఫ్ట్ అంకె ఆ తర్వాత వస్తుంది.

దీన్ని తేల్చుకోవడానికి నాకు తెలిసిన మెకానిక్‌ని ఒప్పించాను. "స్ప్రింగులు తీసేసి చూద్దాం అన్నా" అంటే మొదట నవ్వాడు. "వేయించుకోవడానికి వస్తారు గానీ సార్, తీయించుకోవడానికి ఎవరూ రారు" అన్నాడు. అయినా చేశాడు. ఛాసీ కింద స్టాండులు పెట్టి, ముందు ఒక పక్క స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసి ఉండే భాగం) మొత్తం దించేశాడు. కొత్త సైజు టైరు ఒకటి అరువు తెచ్చుకుని బిగించాం. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసీకి కలిపే కింది చేయి) కింద జాకీ పెట్టి బంప్‌స్టాప్ బాగా నొక్కుకునేదాకా మెల్లగా లేపాం. ఆ స్థితిలో స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ ఎక్కడెక్కడ తగులుతుందో సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. కాయిల్ స్ప్రింగుని కంప్రెసర్‌తో బిగించి విప్పే పని మాత్రం తెలిసినవాళ్ల చేతే చేయించండి. జారితే ప్రాణాల మీదకి వస్తుంది.

ఆ పరీక్ష మాటల్లో తేలని విషయాల్ని తేల్చేసింది. చక్రం నిటారుగా ఉన్నప్పుడు పైన లైనర్‌కి (మడ్‌గార్డ్ లోపలి పొరకి) ఇంకా రెండు వేళ్ల సందు ఉంది. అంటే అందరూ భయపెట్టిన "పైన తగులుతుంది" అన్నది నా బండిలో సమస్యే కాదు. తగిలింది వెనక వైపు. స్టీరింగ్ కాస్త తిప్పగానే టైరు వెనక భుజం, క్యాబిన్‌ని ఛాసీకి బిగించే బాడీ మౌంట్ దగ్గరా, దాని పక్కన రేకు మడత దగ్గరా గట్టిగా ఆనింది. పూర్తిగా తిప్పితే ముందు బంపర్ వెనకున్న ప్లాస్టిక్ లైనర్‌కి కూడా ఆనింది. ఆపైన జాకీ దించుతూ, లేపుతూ చూశాను. బాడీ మౌంట్ దగ్గర తగలడం మామూలు ఎత్తులో కూడా ఉంది. అక్కడ తగిలేది టైరు వెనక అంచు, చక్రం పైకీ కిందికీ కదిలినా ఆ అంచు అటూ ఇటూగా అక్కడే ఉంటుంది. 4 అంగుళాలు కాదు, 6 పెట్టినా ఆ మౌంట్ అక్కడే ఉంటుంది.

స్ప్రింగు, స్పేసర్ లిఫ్ట్‌లలా కాకుండా బాడీ లిఫ్ట్ ఈ చివరి స్థానంలో కూడా నిజంగా ఖాళీ పెంచుతుంది. క్యాబిన్‌కీ ఛాసీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీనే పైకి లేపుతుంది కాబట్టి. ఒక అంగుళం బాడీ లిఫ్ట్ గురించి కాసేపు ఆలోచించాను కూడా. కానీ స్టీరింగ్ షాఫ్ట్, గేర్ లివర్లు, రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం, బంపర్ సందులు ఇలా ఒక్కొక్కటీ చూసుకోవాలి. పైగా ఛాసీ అక్కడే ఉంటుంది కనుక పొట్ట ఆనడం తగ్గదు. నాకు కావాల్సింది పొట్ట ఆనకపోవడమే. వద్దనుకున్నాను.

రిమ్ము ఆఫ్‌సెట్ దగ్గర చాలామంది దెబ్బతినడం చూశాను. నా పాత రిమ్ము 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ +30. కొత్తగా 8 అంగుళాల రిమ్ము చూస్తున్నాను. ఆఫ్‌సెట్ సున్నా ఉన్న రిమ్ము వేస్తే బయటి అంచు పాతదానికంటే 36 మి.మీ. బయటికి వస్తుంది. చూడ్డానికి బండి భుజాలు విప్పుకుని నిలబడ్డట్టు ఉంటుంది, ఫొటోల్లో ముద్దొస్తుంది. కానీ చక్రం తిరిగే కేంద్రం నుంచి టైరు దూరం జరిగే కొద్దీ, స్టీరింగ్ తిప్పినప్పుడు అది గీసే వలయం పెద్దదవుతుంది. బాడీ మౌంట్‌కి ఇంకా గట్టిగా తగులుతుంది. రాళ్ల మీద స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటుంది, బేరింగుల మీద బరువు పెరుగుతుంది. +20 రిమ్ము వేస్తే బయటికి వచ్చేది 16 మి.మీ. మాత్రమే. టైరు వెడల్పు వల్ల లోపలి వైపు పెరిగే 10 మి.మీ. ఆఫ్‌సెట్ తగ్గడంతో సరిపోతుంది, అప్పర్ ఆర్మ్‌తో (పై చేయితో) సందు దాదాపు పాతంతే ఉంటుంది. సందు కొలిస్తే సరిపోతోంది. +20 ఖాయం చేసుకున్నాను. రుద్దుకోవడం తగ్గడంలో లిఫ్ట్ కంటే ఈ నిర్ణయమే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఇక లిఫ్ట్ అంకె. ముందు సస్పెన్షన్‌లో చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం ఇంత అని ఉంటుంది. నా బండిలో నిలబడిన స్థితి నుంచి పైకి 90 మి.మీ., కిందికి 110 మి.మీ. ఉంది. షాక్ అబ్జార్బర్ పొడవు మార్చకుండా ఎత్తయిన స్ప్రింగుతో 50 మి.మీ. లేపితే, పైకి 140, కిందికి 60 మిగులుతుంది. మొత్తం అదే 200. అదే 75 లేపితే కిందికి 35 మాత్రమే. అప్పుడు చిన్న గుంతలో చక్రం దిగగానే షాక్ చివరిదాకా సాగి 'టక్' మంటుంది. చక్రం నేలని వదిలేస్తుంది, ముందు చక్రం గాల్లో తిరుగుతుంది. పట్టు కోసం లిఫ్ట్ చేసి పట్టు పోగొట్టుకోవడం అన్నమాట. 100 మి.మీ. లేపాలంటే ఆర్ముల బిగింపులనే కిందికి దించే పెద్ద కిట్ కావాలి. అందులో ముందు డిఫరెన్షియల్‌ని, క్రాస్‌మెంబర్‌ని (ఛాసీ అడ్డపట్టీని) కిందికి తెస్తారు. ముందు వైపు దాని కింద మళ్లీ పొట్ట దిగినట్టే. 4 అంగుళాల మాట నేను పూర్తిగా వదిలేసింది ఇక్కడే.

స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ గురించి కూడా ఒక మాట. 25 మి.మీ. మందం దిమ్మ పెడితే చక్రం దగ్గర సుమారు 50 మి.మీ. లేస్తుంది. స్ట్రట్ లోయర్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది కనుక అక్కడి కదలిక చక్రం దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. చవకగా, తేలికగా అయిపోతుందని అందరూ దాని వైపు చూస్తారు. తిప్పలు రెండు. స్పేసర్ స్ట్రట్ పొడవునే పెంచేస్తుంది కాబట్టి చక్రం వేలాడినప్పుడు కంపెనీ అనుకున్నదానికంటే ఆ 50 మి.మీ. ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ డ్రైవ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) జాయింట్ల కోణం, బాల్ జాయింట్ (ఆర్ము చివరి కీలు) కోణం హద్దు దాటుతాయి. ఇటు చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడేమో బంప్‌స్టాప్ నొక్కుకోకముందే షాక్ లోపల అడుగు తగలొచ్చు. ఎత్తయిన స్ప్రింగుతో ఈ రెండూ ఉండవు, షాక్ పొడవు పాతదే కాబట్టి. నేను స్ప్రింగూ, దానికి తగ్గ షాకూ కలిపి తీసుకున్నాను.

డ్రైవ్ షాఫ్ట్‌ల సంగతి కూడా చూశాం. బండిని ఛాసీ మీద లేపి ముందు చక్రాలు వేలాడేలా వదిలి చేత్తో తిప్పితే, జాయింట్ ఎక్కడైనా పట్టేస్తుంటే చేతికి తెలిసిపోతుంది. జాయింట్లని కప్పే రబ్బరు బూట్ల మడతలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయా అన్నది కూడా చూడాలి. ఒరుసుకుంటే కొన్నాళ్లకు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, ఇసుక లోపలికి పోయి జాయింట్ పోతుంది. నా బండిలో 50 మి.మీ. ఎత్తులో మడతలు విడివిడిగానే ఉన్నాయి. సరదాకి జాకీతో 75 మి.మీ. స్థితికి తెచ్చి చూస్తే లోపలి బూటు మడతలు అంటుకోవడం మొదలైంది. మామూలు రోడ్డు మీద పోయేటప్పుడు కూడా అదే కోణంలో తిరుగుతుంటుంది కదా, వేలాడినప్పుడు ఒక్కసారి వచ్చే కోణం కంటే రోజంతా ఉండే కోణమే ప్రమాదం.

ఆ తర్వాత కాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం. ముందు వైపు లేపే కొద్దీ అప్పర్ ఆర్మ్, లోయర్ ఆర్మ్ చివరలు జరిగి కాస్టర్ కోణం తగ్గుతుంది. తగ్గితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, వేగంలో బండి అటూ ఇటూ తేలుతుంది.  లిఫ్ట్ తర్వాత అలైన్‌మెంట్ యంత్రం మీద పెడితే నాది 3 డిగ్రీల నుంచి 1.5కి పడింది. కంపెనీ ఇచ్చిన సర్దుబాటు బోల్టులతో లోయర్ ఆర్మ్‌ని ముందుకి జరిపితే కొంత వస్తుంది. అలా జరిపితే చక్రమే ముందుకి వచ్చి బాడీ మౌంట్‌కి దూరమవుతుంది, అది లాభం. కానీ బంపర్ లైనర్‌కి దగ్గరవుతుంది. అందుకని బాల్ జాయింట్ కాస్త వెనక్కి ఉండేలా చేసిన వేరే అప్పర్ ఆర్ములు వేయించాను. కాస్టర్ 3.7 దగ్గర ఆగింది. 2 అంగుళాల లిఫ్ట్‌కి అప్పర్ ఆర్ములు తప్పనిసరి కాదనేవాళ్లున్నారు. బండి నడుస్తుంది, నిజమే. నా మటుకు నాకు, హైవే మీద నడిపాక ఆ ఖర్చు మీద రెండో ఆలోచన రాలేదు.

వెనక వైపు పని తేలిక అనుకుంటాం గానీ చిల్లర పనులు చాలా ఉంటాయి. ఇరుసు పక్కలకి జరక్కుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ ఒక చివర ఛాసీకి, ఇంకో చివర ఇరుసుకి ఉంటుంది. ఛాసీ లేస్తే ఇరుసు మొత్తం ఒక పక్కకి లాగబడుతుంది. నాకు 5 మి.మీ. జరిగింది, పట్టించుకోనక్కర్లేనంత. 4 అంగుళాలైతే అది రెట్టింపు దాటేది, అప్పుడు పొడవు సర్దుకునే రాడ్ కావాలి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు, డిఫరెన్షియల్ గాలి గొట్టం ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకూడదు. ఇంకోటి, నా బండిలో వెనక బ్రేకు బలాన్ని బరువుని బట్టి తగ్గించి పెంచే వాల్వు ఉంది. దాని కడ్డీ ఇరుసుకి తగిలించి ఉంటుంది. బండిని లేపితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకి ఒత్తిడి తగ్గించేస్తుంది. దాని బ్రాకెట్‌ని లిఫ్ట్‌కి తగ్గట్టు జరపాలి. మెకానిక్ దీన్ని అడక్కుండానే చూశాడు, అప్పటిదాకా నాకున్న సందేహాలన్నీ పోయాయి ఆయన మీద.

స్ప్రింగు పెట్టె మీద '2 అంగుళాలు' అని ఉన్నంత మాత్రాన 2 అంగుళాలే లేవదు. ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి తయారీదారుల జాబితా చూస్తే ఒకే బండికి మామూలు బంపర్‌కి ఒకటి, ఇనుప బంపర్‌కి ఇంకొకటి, దాని మీద విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) కూడా ఉంటే మరొకటి అని రకాలుంటాయి. బంపర్, విన్చ్ బరువు ముందు ఇరుసుకి ఇంకా ముందు వేలాడుతుంది కాబట్టి 15, 20 మి.మీ. కిందికి దించేస్తుంది. బరువైన స్ప్రింగుని ఖాళీ బండికి వేస్తే ఎత్తు అనుకున్నదాని కంటే లేచి కర్రలా గెంతుతుంది. నేను ఇప్పుడున్న బరువుకి తగ్గదే తీసుకున్నాను, రేపెప్పుడో విన్చ్ పెడతానేమో అని ముందే బరువు స్ప్రింగు కొనలేదు. వెనక మాత్రం ఎప్పుడూ సామాను ఉంటుంది కాబట్టి ఒక మెట్టు గట్టిది వేశాను. బిగించాక ముందు 557, వెనక 572 మి.మీ. వచ్చింది. కొత్త స్ప్రింగులు కొంత వాడాక కాస్త కూర్చుంటాయి. ఇప్పుడు ముందు 552, వెనక 568. పాత వాలు కొంచెం మిగిలే ఉంది.

ఎత్తు పెంచాలంటే నాకున్న పెద్ద భయం బోల్తా. దానికో తేలికైన లెక్క ఉంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరాన్ని, గరిమనాభి ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. వచ్చిన అంకె తగ్గే కొద్దీ బండి పక్కకి ఒరిగిపడే గుణం పెరుగుతుంది. ఉదాహరణకి చక్రాల మధ్య 1540 మి.మీ., గరిమనాభి 720 మి.మీ. ఎత్తులో ఉంటే 1.07 వస్తుంది. పెద్ద టైరు వల్ల 27 కలుస్తుంది. 50 మి.మీ. లిఫ్ట్‌లో ఇరుసులూ చక్రాలూ లేవవు కాబట్టి ఒక 45 కలుపుదాం. కొత్త రిమ్ముల వల్ల చక్రాల మధ్య దూరం 20 పెరుగుతుంది. అప్పుడు 0.98 వస్తుంది. 4 అంగుళాల లిఫ్ట్ అయితే 0.93. పక్క వాలు మీద బండి నడిపినవాళ్లకి ఈ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. దీనికి తోడు పైన క్యారియర్ మీద టెంటూ, డబ్బాలూ ఎక్కిస్తే ఇంకా తగ్గుతుంది. నేను లిఫ్ట్ అయ్యాక పైన బరువు పెట్టడం మానేశాను.

కోయాల్సింది కోశాం. బాడీ మౌంట్ మూల కాస్త కోసి, లోపల పలక పెట్టి వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా రంగు వేశారు. పక్కనున్న రేకు మడతని సుత్తితో లోపలికి వంచారు. ముందు ప్లాస్టిక్ లైనర్‌ని వేడిగాలితో మెత్తబరిచి వెనక్కి నొక్కేశాం. కొత్త బండిని కోయడానికి మనసు ఒప్పదు, అది మామూలే. కానీ అంగుళం రేకు కోయడానికి బెంగపడి రెండంగుళాలు ఎక్కువ లిఫ్ట్ పెట్టి బండి నడకనే పాడు చేసుకునేవాళ్లని చూస్తే, రేకు కోయడమే నయమనిపిస్తుంది నాకు. వెనక వైపు పైన లైనర్ దగ్గర సందు తక్కువగా ఉంది. సాలిడ్ యాక్సిల్ ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి వెళ్లినప్పుడు పైకి వెళ్లిన టైరు తల లోపలికి వాలుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేపి చూస్తే ఇది కనబడదు. అందుకే ఒక్క వెనక చక్రాన్నే ర్యాంపు ఎక్కించి చూశాం. అక్కడ బంప్‌స్టాప్‌ని 25 మి.మీ. పొడిగిస్తే సరిపోయింది.

టైర్లు పెరగడం వల్ల వచ్చే మిగతావి లిఫ్ట్‌తో సంబంధం లేకపోయినా లెక్కలోకి తీసుకోవాల్సినవే. చుట్టుకొలత 7 శాతం పెరిగింది. మీటరు 100 చూపిస్తే నిజానికి 107 దగ్గర పోతున్నట్టు, మీటరు అంతకుముందు సరిగ్గా చూపిస్తుండేదైతే. కిలోమీటర్లు తక్కువ పడతాయి, మైలేజీ నిజంగా తగ్గిన దానికంటే ఎక్కువ తగ్గినట్టు కనిపిస్తుంది. నా డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి దాన్ని తిప్పే షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.10, ఇప్పుడు అది 3.83 ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. చదునైన దారిలో పెద్దగా తెలియదు. రాళ్ల ఎక్కుడులో లో రేంజ్ (కష్టమైన దారులకి వేసే నెమ్మది గేర్ల వరస) మొదటి గేరులో కూడా బండి కాస్త తొందరపడుతుంది, దిగేటప్పుడు ఇంజన్ పట్టు తగ్గింది. ఒక్కో టైరు 7, 8 కిలోలు బరువెక్కింది. బ్రేకు కొట్టాక ఆగే దూరం పెరిగిందని కాలికి తెలుస్తుంది. స్టెప్నీ బండి కింద పాత చోట్లోనే పట్టాలంటే గాలి కొంత తీయాల్సి వచ్చింది, కంప్రెసర్ ఎలాగూ వెంట ఉంటుంది కాబట్టి సరిపెట్టుకున్నాను. హెడ్‌లైట్లు దించుకోవడం, బండి కాగితాలకీ ఇన్సూరెన్సుకీ ఈ మార్పు ఒప్పుతుందో లేదో కనుక్కోవడం అందరూ చేయాల్సినవే. ముందు రాడారూ, కెమెరా ఉన్న కొత్త బండ్లకి వాటిని కూడా మళ్లీ సరిచేయించాలి.

ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ ఉన్న బండ్లకి ఈ అంకెలు వర్తించవు. వాటికి డ్రైవ్ షాఫ్ట్ బూట్ల బాధ లేదు, ఎక్కువ లిఫ్ట్‌ని ఓర్చుకుంటాయి. అక్కడ పేచీ అంతా డ్రాగ్ లింకు (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), ముందు పాన్‌హార్డ్ రాడ్ ఒకే కోణంలో ఉండటం దగ్గర. అవి సమాంతరంగా లేకపోతే గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తిరుగుతుంది. ఆకు స్ప్రింగుల బండ్లలో షాకిల్ (స్ప్రింగు చివరని ఛాసీకి తగిలించే ముక్క) 2 అంగుళాలు పొడవు పెంచితే లేచేది ఒక అంగుళమే. ఇవి నేను చేతులారా చేసినవి కావు, మిత్రుల బండ్ల దగ్గర నిలబడి చూసినవి.

నాది ఇప్పుడు 285/70 మీద, 2 అంగుళాల లిఫ్ట్‌తో తిరుగుతోంది. డిఫరెన్షియల్ మునుపటికంటే తక్కువ రాళ్లని పలకరిస్తోంది. పొట్ట ఆనే గట్లు దాదాపు అన్నీ దాటేస్తున్నాను. రివర్స్‌లో పూర్తిగా స్టీరింగ్ తిప్పి గుంతలో దిగితే ఎడమ లైనర్ కొంచెం గీసుకుంటుంది, దాన్ని అలాగే వదిలేశాను. ఎవరైనా 2 చాలా అని అడిగితే, ముందు వాళ్ల రిమ్ము ఆఫ్‌సెట్ అడుగుతున్నాను, ఆ తర్వాత స్ప్రింగు తీసి చూశారా అని. డిఫరెన్షియల్ గేర్లు 4.56కి మార్చాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మారిస్తే ముందూ వెనకా రెండూ ఒకేసారి మార్చాలి.